విండోస్ మౌస్ కీస్: మౌస్ మొరాయించిన రోజున ఎంతవరకు ఆదుకుంటుంది?

నరసరావుపేటలో పదకొండేళ్లుగా నేను నడుపుతున్న ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్‌లో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. కిందటి సీజన్‌లో ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు చివరి రోజున, రాత్రి తొమ్మిది దాటాక, గడువుకు మూడు గంటలు కూడా లేని సమయంలో, ఇంకా ముగ్గురు విద్యార్థులు తమ వంతు కోసం కూర్చుని ఉండగా, నా ముందున్న కంప్యూటర్ మౌస్ ఆగిపోయింది. వేరే పోర్టులో పెట్టి చూశాను, వైరు మెడ దగ్గర వంచి చూశాను, కింద వెలగవలసిన ఎర్ర లైటు కూడా వెలగలేదు. విడిగా దాచుకున్న మౌస్‌ను అంతకు ముందు వారమే మరో సిస్టమ్‌కు పెట్టేశాను. ఆ వేళకు దుకాణాలు మూసేశారు. మిగిలిన మూడు సిస్టమ్‌ల మీదా దరఖాస్తులే నడుస్తున్నందువల్ల ఒకదాని మౌస్ పీకి మరొకదానికి పెట్టే వీలు లేకపోయింది. ఆ ముగ్గురి దరఖాస్తులనూ కీబోర్డు మీదనే పూర్తి చేసి, రసీదులు ప్రింటు తీసి ఇచ్చేసరికి పదకొండున్నర అయింది. ఆ రాత్రి నన్ను ఆదుకున్న సదుపాయాన్ని ఆ తర్వాత పనిగట్టుకుని నెల రోజులు వాడి చూశాను కనుక, దాని మంచినీ చెడునూ వివరంగా రాస్తున్నాను.

దాని పేరు మౌస్ కీస్. విండోస్‌లోనే ఉంటుంది, విడిగా కొనవలసిన పనీ డౌన్‌లోడ్ చేయవలసిన పనీ లేదు. కీబోర్డుకు కుడి వైపున అంకెలన్నీ ఒక్కచోట ఉండే నమ్ ప్యాడ్‌ను ఇది మౌస్‌గా మార్చేస్తుంది. చేతుల మీద పట్టు లేక మౌస్‌ను కదపలేనివారు కూడా కంప్యూటర్ వాడుకోగలగాలన్న ఉద్దేశంతో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రేస్ సెంటర్ ఇలాంటి సదుపాయాలను తొలుత తయారు చేసింది. విండోస్ 95 నుంచి అవి విండోస్‌లో భాగంగానే వస్తున్నాయి. అంటే ముప్పై ఏళ్లుగా మన కళ్ల ముందే ఉన్నది, అవసరం పడేదాకా మనలో చాలామందిమి తెరిచి చూడనిది.

దీన్ని మొదలుపెట్టడం తేలిక. ఎడమ వైపు ఆల్ట్, ఎడమ వైపు షిఫ్ట్, నమ్ లాక్ ఈ మూడింటినీ కలిపి నొక్కితే, మౌస్ కీస్ ఆన్ చేయమంటారా అని అడిగే చిన్న పెట్టె తెర మీదికి వస్తుంది, ఎంటర్ నొక్కితే సరిపోతుంది. ఆ పెట్టె రాకపోతే విండోస్ కీ నొక్కి, ఇంగ్లిష్ అక్షరాల్లో మౌస్ కీస్ అని టైపు చేసి, వచ్చిన సెట్టింగ్‌లో స్పేస్ బార్‌తో ఆన్ చేసుకోవచ్చు. మన దగ్గర తరచూ తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండిపోతుంది కాబట్టి, ముందుగా విండోస్ కీతో స్పేస్ బార్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మారాలి. లేకపోతే వెతికే పెట్టెలో ఏవేవో అక్షరాలు పడతాయి.

ఆన్ అయిన తర్వాత నమ్ ప్యాడ్‌లో 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి కర్సర్‌ను జరుపుతాయి. మూలల్లో ఉన్న 7, 9, 1, 3 ఐమూలగా జరుపుతాయి. నడుమ ఉన్న 5 క్లిక్. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. కుడి క్లిక్ కావాలంటే ముందు మైనస్ నొక్కి ఆ తర్వాత 5 నొక్కాలి. మళ్లీ మామూలు క్లిక్‌కు రావాలంటే భాగహారం గుర్తు నొక్కాలి. ఈ చివరి సంగతి మరచిపోతే ఆ తర్వాత ప్రతి క్లిక్కూ కుడి క్లిక్కే అవుతుంది, ఎక్కడ నొక్కినా మెనూ తెరుచుకుంటుంది. మొదటి రెండు రోజులూ నాకు ఇలాగే జరిగింది. గడియారం పక్కన చిన్న మౌస్ బొమ్మ కనిపిస్తుంది, అందులో ఏ బటన్ ముదురుగా ఉంటే అప్పుడు ఆ బటన్ పనిచేస్తున్నట్టు. ఆ బొమ్మ మీద ఒక కన్ను వేసి ఉంచడం అలవాటు చేసుకున్నాక ఆ ఇబ్బంది పోయింది.

ఇక లాగడం సంగతి. మౌస్ లేకుండా ఒక వస్తువును పట్టుకుని లాగడం కుదరదని అనుకునేవాణ్ని. ఆ రాత్రి రెండో దరఖాస్తులో ఒక అమ్మాయి ఫొటో అప్‌లోడ్ చేయగానే, ముఖం వరకు కత్తిరించమంటూ చుక్కల గీతల చతురస్రం వచ్చింది. అది భుజాల కిందిదాకా పరుచుకుని ఉంది, ముఖం పైమూలకు పోయింది. నమ్ ప్యాడ్‌తో కర్సర్‌ను ఆ చతురస్రం కింది కుడి మూలకు తీసుకుపోయి 0 నొక్కాను. 0 నొక్కితే మౌస్ బటన్‌ను అదిమి పట్టుకున్నట్టు లెక్క. ఆ తర్వాత 7ను నొక్కి పట్టుకుంటే గీత ఐమూలగా పైకి లేచి, గడ్డం కిందికి వచ్చింది. అక్కడ చుక్క గుర్తు నొక్కితే బటన్ వదిలినట్టయింది. చివరి నాలుగైదు నొక్కులు ఒక్కొక్కటిగా నొక్కుతుంటే గీత వెంట్రుకవాసి చొప్పున జరగడం నా పక్కన నిలబడి చూస్తున్న ఆ అమ్మాయి తండ్రికి కూడా కనిపించింది. నిజం చెప్పాలంటే చేతి మౌస్‌తో ఇంత కచ్చితంగా ఫొటో కత్తిరించడం నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు మౌస్ బాగున్నా, సంతకం స్కాన్ కత్తిరించేటప్పుడు మౌస్ కీస్‌నే వాడుతున్నాను.

అయితే కంపెనీ ముందుగా పెట్టి ఇచ్చే అమరిక మనలాంటి పనివాళ్లకు సరిపోదు. నమ్ లాక్ ఆన్‌లో ఉన్నప్పుడే మౌస్ కీస్ పనిచేసేలా దాన్ని అమర్చారు. నాలాంటివాడు రోజంతా ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, మార్కులు నమ్ ప్యాడ్ మీదనే కొడతాడు. మౌస్ కీస్ ఆన్ చేయగానే ఆ అంకెలు పడవు, కర్సర్ తెర మీద పరుగెత్తుతుంది. ఆ రాత్రి అంకెలన్నీ పై వరుసలో వెతుక్కుని కొట్టవలసి వచ్చి చాలా సమయం పోయింది. తర్వాత సెట్టింగ్‌లు చూస్తే, నమ్ లాక్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే పనిచేయాలి అనే షరతు ఒకటి కనిపించింది. దాన్ని తీసేస్తే వ్యవహారం తిరగబడుతుంది: నమ్ లాక్ ఆన్‌లో ఉంటే మామూలుగా అంకెలు పడతాయి, ఆఫ్ చేస్తే అవే కీలు మౌస్‌గా పనిచేస్తాయి. ఒక్క కీతో రెండు పనుల మధ్య మారిపోవచ్చు. అంకెలతో పని ఉన్న ప్రతి ఒక్కరూ మౌస్ బాగున్న రోజునే ఈ మార్పు చేసి పెట్టుకోవాలి, పాడైన రోజున ఆ సెట్టింగ్ దాకా ట్యాబ్ కీ నొక్కుకుంటూ వెళ్లడం అనవసర ప్రయాస.

రెండో లోపం వేగం. మొదట్లో కర్సర్ నత్తలా కదులుతుంది. తెర ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేసరికి ఓపిక నశిస్తుంది. అదే సెట్టింగ్‌లలో వేగాన్నీ, నొక్కి పట్టుకున్నప్పుడు వేగం పుంజుకునే తీరునూ పెంచుకోవచ్చు. కంట్రోల్ నొక్కి పట్టుకుంటే వేగంగా, షిఫ్ట్ పట్టుకుంటే నెమ్మదిగా కదిలే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. ఈ రెండూ చేశాక నాకు ఫిర్యాదు లేదు. మౌస్ చక్రం చేసే పని మాత్రం మౌస్ కీస్ చేయదు, పేజీని పైకీ కిందికీ జరపడానికి విడిగా ఉన్న పేజ్ అప్, పేజ్ డౌన్ కీలనో స్పేస్ బార్‌నో వాడుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం నమ్ ప్యాడ్ లేని లాప్‌టాప్‌లది. ఇప్పుడు విద్యార్థులు కొంటున్న చిన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ భాగం ఉండదు, వాటిలో టచ్‌ప్యాడ్ పనిచేయకపోతే విండోస్ మౌస్ కీస్ ఉన్నా లేనట్టే. ఈ విషయంలో ఆపిల్ కంప్యూటర్ల పద్ధతి మెరుగ్గా ఉంది. మ్యాక్‌లో కూడా మౌస్ కీస్ ఉంది, అక్కడ నమ్ ప్యాడ్ లేకపోతే మామూలు అక్షరాల కీలే ఆ పని చేస్తాయి: ఐ అక్షరం క్లిక్, దాని చుట్టూ ఉన్న కీలు దిక్కులు, ఎమ్ నొక్కితే బటన్ పట్టుకున్నట్టు. ముప్పై ఏళ్లలో విండోస్‌లో ఇంత చిన్న సౌకర్యం ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. యూఎస్‌బీ నమ్ ప్యాడ్‌ను విడిగా కొని తగిలిస్తే పని జరుగుతుంది కానీ, అది కొనడానికి దుకాణానికి వెళ్లేవారు మౌసే కొనుక్కుంటారు కదా.

పూర్తిగా చచ్చిన మౌస్ కన్నా సగం చచ్చిన మౌస్ మన సెంటర్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎడమ బటన్ కింద ఉండే చిన్న స్విచ్ అరిగిపోయి, ఒకసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడడమో, అసలు పడకపోవడమో జరుగుతుంది, కర్సర్ మాత్రం చక్కగా కదులుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు మౌస్ కీస్ విలువ నాకు బాగా తెలిసివచ్చింది. కర్సర్‌ను మౌస్‌తోనే కదిపి, ఎడమ చేత్తో నమ్ ప్యాడ్ 5 నొక్కితే క్లిక్ పడుతుంది. చేతులు అడ్డంగా వేసుకున్నట్టు మొదట ఇబ్బందిగా ఉంటుంది, గంట తర్వాత అలవాటైపోతుంది. ఇలా ఒక పాత మౌస్‌తో నేను పది రోజులు నెట్టుకొచ్చాను.

ఇంత చెప్పినా, మౌస్ పనంతా మౌస్ కీస్ మీదనే వేయడం సరైన పద్ధతి కాదని ఆ రాత్రి అనుభవంతో అంటున్నాను. మొదటి దరఖాస్తును అలాగే మొదలుపెట్టి, ప్రతి పెట్టె దగ్గరికీ కర్సర్‌ను నడిపించుకుంటూ పోయి, అరగంటలో సగం కూడా చేయలేకపోయాను. కళ్లు లేని ఒక ఉపాధ్యాయుడు ప్రశ్నపత్రాల ప్రింట్ల కోసం నెలకొకసారి మా సెంటర్‌కు వస్తారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంటే, ఆయన తన లాప్‌టాప్‌ను కీబోర్డు మీదనే నడుపుతారు. ఒకసారి నా తొందర విని ఆయన, “ట్యాబ్ నొక్కుతూ ఎక్కడ ఉన్నావో చూసుకుంటూ వెళ్లు బాబూ, తెలియకుండా ఎంటర్ కొట్టకు” అన్నారు. ఆ మాట గుర్తుకొచ్చి, నమ్ ప్యాడ్ వదిలి ట్యాబ్ పట్టుకున్నాక పని ఊపందుకుంది.

ట్యాబ్ ఒక పెట్టె నుంచి తర్వాతి పెట్టెకు తీసుకుపోతుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వెనక్కి తెస్తుంది. టిక్కు పెట్టడానికి స్పేస్ బార్. గుండ్రటి ఎంపికల మధ్య బాణం కీలు. జాబితా విప్పడానికి ఆల్ట్‌తో కింది బాణం. జిల్లాల జాబితాలో పి, ఏ, ఎల్ అని వరుసగా టైపు చేస్తే పల్నాడు దగ్గరికి దూకుతుంది, మౌస్‌తో జాబితా అంతా కిందికి లాగడం కన్నా ఇదే తొందరగా అవుతుంది. ఫైలు ఎంచుకునే బటన్ మీద స్పేస్ కొడితే కిటికీ తెరుచుకుంటుంది, కర్సర్ నేరుగా ఫైలు పేరు రాసే చోట ఉంటుంది. పేరు మొదటి అక్షరాలు కొడితే మిగతాది అదే చూపిస్తుంది. కుడి క్లిక్‌కు షిఫ్ట్‌తో ఎఫ్10, పేరు మార్చడానికి ఎఫ్2, కిటికీల మధ్య తిరగడానికి ఆల్ట్ ట్యాబ్, ఫోల్డర్లు తెరవడానికి విండోస్ కీతో ఈ, డెస్క్‌టాప్‌కు రావడానికి విండోస్ కీతో డీ. కంప్యూటర్ ఆపడానికి విండోస్ కీతో ఎక్స్ నొక్కి, ఆ తర్వాత రెండుసార్లు యూ నొక్కితే చాలు. మౌస్ పోయిందని కంగారులో పవర్ బటన్ అదిమిపట్టి ఆపేవారిని చాలామందిని చూశాను, దానివల్ల సేవ్ చేయని పని పోతుంది కనుక ఈ ఒక్కటైనా గుర్తుపెట్టుకోమని మా సెంటర్‌కు వచ్చేవారందరికీ చెబుతున్నాను.

కీబోర్డుతో పని చేయించుకోవడంలో, దుకాణాల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీని మించింది నేను చూడలేదు. మా వీధిలోని ఎరువుల దుకాణం గుమస్తా ఆ మర్నాడు వచ్చి నా కథంతా విని, తన దుకాణంలో మౌస్ ఎక్కడుందో కూడా తనకు గుర్తులేదన్నాడు. చెల్లింపుకు ఎఫ్5, వసూలుకు ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9, నమోదు ముగించడానికి కంట్రోల్ ఏ. ఏ లెక్కకు వెళ్లాలన్నా ఆల్ట్ జీ. ఆ గుమస్తా వేళ్లు వాటి మీద తిరుగుతుంటే తెర చూడవలసిన అవసరం కూడా ఉన్నట్టు కనిపించదు. ఎక్సెల్, వర్డ్ కూడా ఆల్ట్ నొక్కగానే ప్రతి మెనూ మీదా ఒక అక్షరం చూపిస్తాయి, ఆ అక్షరాలు కొట్టుకుంటూ పోతే ఏ మూలకైనా చేరవచ్చు. తయారు చేసినవారు మొదటి నుంచీ కీబోర్డును దృష్టిలో పెట్టుకున్న చోట మౌస్ కీస్ అవసరమే రాదు.

దాని అవసరం తప్పనిసరిగా పడేది వెబ్‌సైట్లలో. ఆ రాత్రి మూడో దరఖాస్తులో పుట్టిన తేదీ పెట్టె దగ్గర పని ఆగింది. అందులో తేదీ టైపు చేయనివ్వరు. క్యాలెండర్ విప్పి ఎంచుకోవాలి. ఆ క్యాలెండర్ ట్యాబ్‌కు అందదు, బాణాలకు అందదు. చేసేది లేక మళ్లీ మౌస్ కీస్‌కు వచ్చి, కర్సర్‌ను నెల వెనక్కి జరిపే గుర్తు మీద నిలిపి, 5 మీద వేలు పెట్టాను. ఆ క్యాలెండర్‌లో సంవత్సరం మార్చే దారి లేదు, నెలకొక నొక్కు. పద్దెనిమిదేళ్లు వెనక్కి వెళ్లాలంటే 216 నొక్కులు. మధ్యలో ఒకసారి చేయి అదిరి కర్సర్ పక్కకు జరిగి క్యాలెండర్ మూసుకుపోతే మళ్లీ మొదటి నుంచి నొక్కాను. ఆ కుర్రవాడు పక్కన నిలబడి నెలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. అప్పటికి సమయం పదకొండు దాటింది.

ఆ క్యాలెండర్ నాకు ఒక రాత్రి కష్టం. కళ్లు లేని మాస్టారికి అదే క్యాలెండర్ ఎదురైతే, కర్సర్ ఎక్కడుందో కనిపించదు కాబట్టి మౌస్ కీస్ కూడా ఆయనకు అక్కరకు రాదు. దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది, లేదా మరొకరి మీద ఆధారపడాలి. వెబ్ పేజీలోని ప్రతి పనీ కీబోర్డుతో చేయగలిగి ఉండాలని 2008లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాల్లో స్పష్టంగా ఉంది. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో మొదట వెలువడి, 2023లో మూడో కూర్పుగా వచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ ప్రమాణాల మీదే ఆధారపడి ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఇన్ని ఉన్నా ఒక తేదీ పెట్టెలో 8 అంకెలు టైపు చేయనివ్వకపోవడం తయారు చేసినవారి అజాగ్రత్త తప్ప మరొకటి కాదు. తమ పేజీని ఒక్కసారి మౌస్ తీసి పక్కన పెట్టి, మొదటి పెట్టె నుంచి సమర్పించే బటన్ దాకా ట్యాబ్ మీద నడిచి చూసుకుని ఉంటే, అయిదు నిమిషాల్లో వారికే తెలిసేది.

కనుక నా అభిప్రాయం ఇది. నమ్ ప్యాడ్ ఉన్న కీబోర్డు వాడేవారికి మౌస్ కీస్ నిజంగా నమ్మదగినది; నమ్ లాక్ అమరిక, వేగం మార్చుకున్న తర్వాత అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. కంపెనీ ఇచ్చిన అమరికతోనే వాడితే రెండున్నరకు మించి రావు. నమ్ ప్యాడ్ లేని విండోస్ లాప్‌టాప్ ఉన్నవారు దీన్ని నమ్ముకోకుండా ట్యాబ్, ఆల్ట్, విండోస్ కీల పద్ధతి నేర్చుకోవడం మేలు.

మర్నాడు ఉదయం రెండు కొత్త మౌస్‌లు కొన్నాను, ఒకటి బిగించి, ఒకటి సొరుగులో పెట్టాను. నాలుగు సిస్టమ్‌లలోనూ నమ్ లాక్ అమరిక మార్చి, ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ అని తెలుగులో రాసిన చీటీని మానిటర్ల కింద అతికించాను. ఆ దరఖాస్తు పోర్టల్ సహాయ విభాగానికి కూడా మెయిల్ రాశాను. ఏ పేజీ, ఏ పెట్టె, ఏ కీ నొక్కితే ఏం జరిగిందో, ఏం జరగవలసి ఉందో వరుసగా రాసి, తేదీని టైపు చేయనివ్వమని అడిగాను. అందిందన్న జవాబు వచ్చింది. వచ్చే దరఖాస్తుల సమయానికి ఆ పెట్టెను ముందుగా ట్యాబ్‌తోనే తెరిచి చూస్తాను.